చిత్తుగొంతు

నూట డెబ్బయ్యో ముక్కలో పంతులుగారు దగ్గారు. సత్యవేణి దగ్గు తీసేసింది. ఆ తర్వాతి ముక్కలో ఒక పంతులమ్మ బోర్డుకేసి తిరిగి, "అదే, ఏమంటారబ్బా దాన్ని" అని నాలుగు సెకన్లు ఆలోచించింది. ఆ నాలుగు సెకన్లూ పోయాయి. ఆ తర్వాతి దాంట్లో కిటికీ అవతల ఎవరో చేపలమ్మి కేక వేస్తే, లెక్కలు చెబుతున్న పెద్దాయనకు నవ్వొచ్చింది. కేకా పోయింది, నవ్వూ పోయింది. తెర అడుగున, వినేవాళ్ళ ధ్యాస చెదురుతుందో లేదో చూపే ధ్యాసరేఖ ఆకుపచ్చగా, చదునుగా సాగుతోంది. అది వంగకుండా చూడటమే ఉద్యోగం. తొమ్మిదేళ్ళుగా అదే ఉద్యోగం.

ఒంగోలు శుద్ధిశాల అయిదో అంతస్తులో నలభై కుర్చీలుంటే ఇరవై ఆరింట్లోనే మనుషులున్నారు. మిగతావి ఖాళీ అయినప్పుడు మళ్ళీ ఎవరినీ తీసుకోలేదు. పని మాత్రం నలభై మందిదీ ఉంది. రోజుకు ఆరువందల ముక్కలు కడగాలి. మధ్యాహ్నం మూడయ్యేసరికి కళ్ళు మండుతాయి, నాలుగయ్యేసరికి మెడ పట్టేస్తుంది, ఆ తర్వాత ఏం కడుగుతున్నామో ఒంటికి తెలుస్తుందే తప్ప బుర్రకు తెలియదు.

వంకాయ తోట నుంచి గ్రహగతుల దాకా ఏది కావాలన్నా సర్వబోధ ఊరికే నేర్పుతుంది. రెండు కోట్ల మంది నేర్చుకుంటున్నారు. నేర్పేవాళ్ళే లేరు. ముప్ఫై నలభై ఏళ్ళ కిందట ఎవరికి తోచినట్టు వాళ్ళు ఇంట్లోనో, కొట్లోనో, బడి వరండాలోనో ఫోనుతో తీసి జనంలోకి వదిలిన పాఠాలు కొండలా పడి ఉన్నాయి. వాటినే కడగడం, ఆరబెట్టడం, మడతపెట్టి మళ్ళీ వదలడం. మొదట గళసమం యంత్రం పంతుళ్ళ గొంతులన్నిటినీ ఒక్క గొంతు చేస్తుంది. ఆ గొంతు అధికారిక నామం ఏకగళం. అయిదో అంతస్తులో దాన్ని తేనెసీసా అంటారు. గోదావరి యాసా, కడప యాసా, పాలమూరు యాసా అన్నీ అందులో పోస్తే ఒకే రకం తెలుగు బయటికొస్తుంది. దానికి ఊరు లేదు.

యంత్రానికి అనుమానం వచ్చిన వాక్యాలు పోలిక తెర మీదికొస్తాయి. ఎడమ పక్క పంతులు అన్నది, కుడి పక్క తేనెసీసా అనబోయేది. బాగుంటే 'సరే' నొక్కాలి. సత్యవేణి ఈ తొమ్మిదేళ్ళలో ఎన్ని వేల సార్లు సరే నొక్కిందో దేవుడికే తెలియాలి.

పదకొండు గంటలకు విడిమాటలు వచ్చాయి. చదువుకునేవాళ్ళు అడిగే ప్రశ్నలకు జవాబి అనే యంత్రమే బదులిస్తుంది. దానికి కొరుకుడు పడని మాటలుంటే ఏదో ఒక బదులు చెప్పేసి, ప్రశ్నను మాత్రం ఇటు తోసేస్తుంది. ఒక రోజు సత్యవేణి, మరో రోజు పక్క కుర్చీ మౌలాబీ వాటిని ఏరి గంపలకెత్తాలి. మెచ్చుకోలు, ఫిర్యాదు, సాధారణ వ్యాఖ్య. గంపలు మూడే.

ఇవాళ సత్యవేణి వంతు. ఏడో ప్రశ్న గొంతుతో వచ్చింది.

"నమస్తే సార్. నేను గంగమణి, బోధన్ దిక్కు. మోటర్ వైండింగు కోర్సు చేస్తున్న. పద్నాలుగో పాఠంల మెయిన్ బిగించి, వైర్ల కొసలు చేత్తోని వట్టుకోమన్నరు గదా. మా ఏరాలు మీరు చెప్పినట్టే చేసింది. చెయ్యి కాలింది సార్. రెండు వేళ్ళు నల్లవడ్డయి. ఇంట్ల చిన్న మోటర్ గాబట్టి బతికి బయటపడ్డది. నేనైతే బంద్ చేసి వట్టుకున్న, నాకు అనుసరణ మార్కులు కోసిండ్రు. ఇయ్యాల మూడు గంటలకు చేతిపరీక్ష ఉన్నది. పెద్ద మోటర్ మీద. బిగించి వట్టుకోవాల్నా, బంద్ చేసి వట్టుకోవాల్నా? ఈ ఒక్క ముచ్చట చెప్పుండ్రి సార్."

దాని కింద జవాబి ఇచ్చిన బదులుంది. 'గంగమణి గారూ, మీ ఉత్సాహానికి అభినందనలు! పాఠంలో చెప్పిన క్రమాన్ని అక్షరాలా అనుసరించండి.' ఆ కింద గుర్తించని మాటలు: ఏరాలు, వట్టుకున్న, నల్లవడ్డయి. ప్రతిపాదించిన గంప: సాధారణ వ్యాఖ్య.

"మౌలా, ఏరాలంటే తోడికోడలే కదూ?" అంది సత్యవేణి.

"ఏమోక్కా. ఆ నిజామాబాదు పిల్ల ఉండె గదా మన కాడ, ఆ పొద్దు అట్లే చెప్పినట్టుండె." మౌలాబీ తెర మీంచి చూపు తిప్పకుండా అంది. "ఏంటికి?"

సత్యవేణి పద్నాలుగో పాఠం తెరిచింది. తేనెసీసా తీయగా చెప్పుకుపోతోంది. 'మోటారును పది నిమిషాలు నడపండి. తరువాత మెయినును బిగించి, మూతను తొలగించి, మూడు తీగల కొనలను ఒక్కొక్కటిగా చేతితో పట్టి చూడండి. వెచ్చగా ఉన్నట్లయితే అతుకు వదులుగా ఉన్నదని గ్రహించండి.' ధ్యాసరేఖ ఎక్కడా వంగలేదు. ఎంత చక్కటి పాఠమో.

ఆమె మూలధ్వని తెరిచింది. దుళ్ళ వీర్రాజు, మోటారు మేస్త్రి, మండపేట. బొంగురు గొంతు. వెనకాల కొట్లో ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నారు.

"పది నిమిషాలు తిప్పేవా? ఇదిగో, ఇప్పుడు మెయిను కట్టేసి, మూత ఊడదీసి, మూడు వైర్ల మొనలూ ఒక్కొక్కటే సేత్తో అట్టుకు సూడు. యెచ్చగా తగిలిందా, జాయింటు లూజన్నమాట. తొందరేం లేదు నాయనా. మోటారు ఎక్కడికీ పోదు, మనవే పోతాం."

సొంత యాస చెవిన పడేసరికి సత్యవేణికి నవ్వొచ్చింది. రామచంద్రపురంలో వాళ్ళ మావయ్య అచ్చం ఇలాగే మాట్లాడేవాడు. సగంలోనే ఆ నవ్వు ఆగిపోయింది.

మెయిను కట్టేసి. తమ గోదావరి వైపు ఫ్యాను కట్టేస్తారు, లైటు కట్టేస్తారు, కుళాయి కట్టేస్తారు, టీవీ కట్టేసి పడుకోమని పిల్లల్ని కసురుతారు. కట్టేయడమంటే ఆపేయడం. ఆ వైపు పుట్టినవాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. యంత్రం నిఘంటువు చూసుకుంది. కట్టు: బంధించు, బిగించు, నిర్మించు. మెయినును నిర్మించడం కుదరదు కాబట్టి బిగించింది. తిరుగుతున్న మోటారుకు కరెంటు పారుతూ ఉండగానే తీగలు చేత్తో పట్టుకోమని తీయగా చెప్పింది.

ఇంత ఘోరానికి సరే కొట్టిన మనిషెవరో చూద్దామని ఆమె అనుమతి వివరాలు తెరిచింది. ఏ కడప వాళ్ళో, ఏ నల్గొండ వాళ్ళో అయ్యుంటారు పాపం, వాళ్ళకేం తెలుసు అనుకుంది. ఇరవై రెండు రోజుల కిందట, సాయంత్రం నాలుగూ పదికి, ఆ రోజు అయిదువందల నలభయ్యో ముక్క. అనుమతి: 4471.

నాలుగు నాలుగు ఏడు ఒకటి తనే.

ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. కట్టేసి అన్న మాట కంటి ముందు నుంచి వెళ్ళిందా, వెళితే ఏమనుకుంది? ఏమీ అనుకుని ఉండదు. మెడ నొక్కుకుంటూ సరే కొట్టి ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇంటి మాటలు చెవికి అడ్డం పడతాయి, మానేయండి అని చెబితే మానేసింది. గదిలో ఒక్కతే ఉన్నప్పుడు కూడా ఇప్పుడు ఫ్యాను ఆపడమే. ఈ ఒక్క మాట విషయంలో అయిదో అంతస్తు మొత్తమ్మీద అక్కరకొచ్చే మనిషి తనొక్కతే. ఆ తనే సరే కొట్టింది. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ కోర్సు పేజీ చూసింది. మూడు గంటల చేతిపరీక్షకు రెండు వేల నూట నలభై మంది. మండలానికి ఒకటో రెండో పరీక్షగూళ్ళు, మనిషికో గూడు, గూట్లో త్రీఫేజు మోటారు, పైన కెమెరా. పక్కనుండి చూసే మనుషులెవరూ ఉండరు. పాఠం వినిపిస్తూంటే చెప్పింది చెప్పినట్టు చేయాలి. చేసినంతవరకు మార్కులు.

సత్యవేణి నిలుపుదల పత్రం నింపింది. జవాబు వెంటనే వచ్చింది. పరిశీలన వ్యవధి డెబ్బయ్రెండు గంటలు. నమోదైన గాయాలు: సున్నా. నల్లబడ్డ రెండు వేళ్ళు సాధారణ వ్యాఖ్యల గంపలో ఉన్నాయి మరి. మాట దిద్ది, దిద్దిన ముక్కను మళ్ళీ గళసమానికి పంపింది. వరుసలో మీ ముందు ముప్ఫై ఎనిమిది వేల ముక్కలున్నాయి, రేపు ఉదయం ఆరింటికి సిద్ధమవుతుంది అని వచ్చింది. ఇక లాభం లేదని లేచి పర్యవేక్షకుడి గదికి వెళ్ళింది.

ఎలీషా గారు మంచివాడే. రిటైర్మెంటుకు రెండేళ్ళుంది. ఆ రెండేళ్ళూ తెరల మీద ఎర్ర గీత కనపడకుండా గడిస్తే చాలని అందరి ముందూ అనేవాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు, వీర్రాజు గొంతు రెండు సార్లు విన్నాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"కట్టెయ్యటం అంటే ఆపటమా? మేం అట్టా అనం గందా."

"మేం అంటామండి. నేనే చూసుకోలేదండి. పరీక్ష ఆపించండి సార్, మూడింటికి."

"నేనెవర్నమ్మా ఆపటానికి? పైన చెప్పాల." ఆయన పై ఆఫీసుకు ఫోను చేశాడు. ఎత్తింది తేనెసీసాయే. అదే గొంతు, అదే తీపి. విషయమంతా ఓపిగ్గా విని, మీ శ్రద్ధకు అభినందనలు, పరిశీలన వ్యవధి డెబ్బయ్రెండు గంటలు అంది. ఎలీషా గారు ఇంకోసారి చెప్పాడు. అది ఇంకోసారి అభినందించింది.

"ఇన్నావు గందమ్మా," అన్నాడు ఫోను పెట్టేసి. "అయినా కరెంటు పనికొచ్చినోళ్ళు అంత తెలివితక్కువోళ్ళా? ఆ గంగమణి అనే అమ్మాయి సొంతానే ఆపుకుందా లేదా? అందరూ అట్టానే ఆపుకుంటారు."

"వాళ్ళ తోడికోడలు ఆపుకోలేదు కదండీ."

ఎలీషా గారు గోడ గడియారం కేసి చూశాడు. పన్నెండూ పది.

క్యాంటీన్‌లో మౌలాబీ డబ్బా విప్పి చిత్రాన్నం ముందుకు తోసింది. సత్యవేణి ముట్టుకోలేదు.

"తినక్కా. నువ్వు తినకుంటే ఆ మోటార్లు నిలబడిపోతాయా?"

"తెలిసి ఊరుకుంటే, అక్కడ ఎవరి ప్రాణమన్నా పోతే నేను బతికేం లాభమే? వంద మందిలో తొంభై తొమ్మిది మంది ఆపుకుంటారు. చెప్పింది చెప్పినట్టు చేసే ఒక్కళ్ళుంటారు చూడు. మార్కులు పోతాయని భయపడేవాళ్ళు. వాళ్ళనే కదా మనం ఇన్నాళ్ళూ తయారుచేసింది."

"గంగమణికి ఫోను చేసి చెప్పు."

"నెంబరెక్కడుంది? జవాబి ఇవ్వదు. ఒక్కర్తికి చెబితే మిగతావాళ్ళ సంగతేంటి?"

మౌలాబీ కాసేపు తింది. తర్వాత గొంతు తగ్గించి, "చిత్తుగొంతు ఉండాది గదా," అంది. అనేసి, తప్పు మాట్లాడినట్టు అటూ ఇటూ చూసింది. "నేనేం చెప్పలేదు. పిల్లోళ్ళు గలదాన్ని. నన్ను ఇందులో ఇరికించవాకు."

పాఠంలో ఎక్కడైనా ముక్క ఊడిపోయి ఖాళీ వస్తే, ఆ ఖాళీ ఎంతుందో కొలుచుకోవడానికి పనివాళ్ళు తమ గొంతుతోనే ఒక వాక్యం చదివి అందులో పెట్టుకుంటారు. అది చిత్తుగొంతు. గళసమం తన ముక్క పంపగానే దాన్ని చెరిపేయాలి. చెరపకుండా 'వదులు' నొక్కితే అది ఉన్నపళాన జనంలోకి పోతుంది. నొక్కకూడదని చేరిన మొదటి రోజే చెబుతారు. పన్నెండేళ్ళ సర్వబోధలో ఎవరూ నొక్కలేదు. నొక్కాల్సినంత కష్టం ఎవరికీ రాలేదో, వచ్చినా గుడ్లు మిటకరించి కూర్చున్నారో తెలియదు.

సత్యవేణికి ధైర్యం రాలేదు. నిజం చెప్పాలంటే కుర్చీలోకి వచ్చి ఇంకో ఇరవై ముక్కలు కడిగింది. ఒంటిగంటా నలభై అయింది. ఒక పంతులు ముక్కు చీదాడు, తీసేసింది. ఈ ఉద్యోగం పోతే నలభై నాలుగేళ్ళ వయసులో ఇంకోటి దొరకదు. తను తప్పు చేశానని తనే చాటుకోవడం ఇంకా కష్టం. తప్పు తనదని ఇంతవరకు ఎలీషా గారికీ మౌలాబీకీ తప్ప ఎవరికీ తెలియదు. పరిశీలన వాళ్ళు మూడు రోజులకు కనుక్కుంటారేమో. కనుక్కోకపోవచ్చు కూడా. రెండుంపావు అయింది. రెండున్నరకు గూళ్ళ తలుపులు తెరుస్తారు.

ఆమె పద్నాలుగో పాఠం తెరిచి, ఆ వాక్యం మొత్తం ఊడబీకింది. ఖాళీలో చిత్తుగొంతు పెట్టె తెరుచుకుంది. తొమ్మిదేళ్ళలో వందల సార్లు అందులో మాట్లాడింది, వినేవాళ్ళున్నారని తెలిసి ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఏవండీ, ఒక్క నిమిషం. నా పేరు సత్యవేణండి. ఈ పాఠం కడిగిన మనిషిని. ఇందాకటిదాకా ఇక్కడ మెయిను బిగించి అని వచ్చేదండి. అది తప్పు. పాఠం చెప్పిన వీర్రాజు మేస్త్రిగారు మెయిను కట్టేసి అన్నారండి. మా వైపు కట్టేయడమంటే ఆపేయడం. ఆపుతారో, బంద్ చేస్తారో, ఆర్పుతారో, మీరేమంటే అదే. లివరు కిందికి దించేసి, మోటారు పూర్తిగా నిలబడ్డాక, అప్పుడు చెయ్యి పెట్టండి. మార్కులు పోతే పోనివ్వండి. తప్పు నాదండి. చూసుకోకుండా సరే కొట్టేను. గంగమణిగారూ, మీరు చేసిందే రైటమ్మా. మీ తోడికోడలు చెయ్యి కాలింది నా వల్లే. ఎవరికన్నా అర్థం కాకపోతే అడగండి. ఆరింటిదాకా నేనీ కుర్చీలోనే ఉంటాను."

మధ్యలో రెండు సార్లు దగ్గింది. దిద్దే టైము లేదు. వదులు నొక్కింది. యంత్రం వదల్లేదు. ఎన్నడూ చూడని ఒక గడి తెర మీదికొచ్చింది. 'ఈ గొంతుకు బాధ్యులు ఎవరు? పూర్తి పేరు.' ఎప్పుడో సర్వబోధకు ముందు, మనుషులే పాఠాలు చెప్పిన కాలంలో ఎవరో పెట్టిన గడి అయి ఉంటుంది, తీసేయడం మర్చిపోయారు. 4471 అని కొడితే ఒప్పుకోలేదు. పేరే కావాలంది. పెంకే సత్యవేణి అని కొట్టింది. పోయింది.

రెండూ ముప్ఫై ఆరుకు ఎలీషా గారు పరుగు లాంటి నడకతో వచ్చాడు. చేతిలో పలక. పలక మీద ఎర్రటి గీత.

"ఎంత పని చేశావమ్మా! మానవగళం అని నా బల్ల మీద కొట్టుకుంటా ఉంది. వెనక్కి తీయిస్తన్నా."

"తీయించండి సార్. తీయించి, మూడింటికి ఏం జరిగినా చూస్తూ కూర్చోండి."

ఆయన పలక మీద వేలు పెట్టాడు. అక్కడా ఒక గడి వచ్చింది. 'వెనక్కి తీయించినవారి పూర్తి పేరు.' ఎలీషా గారు ఆ గడి కేసి చాలాసేపు చూశాడు. సర్వబోధకు ముందు చేసిన కొలువులతో కలిపి ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఆయన దేని మీదా పేరు పెట్టలేదు, అంతా నెంబరే. రాస్తే, ఆ రెండు వేల మందిలో ఎవరికి ఏమైనా ఆ గడిలో ఉండేది తన పేరే. ఆయన పలకను బోర్లించి సత్యవేణి బల్ల మీద పెట్టాడు.

"ఈ కళ్ళజోడుతో నాకేం కనపడటంలా," అన్నాడు. వెళ్ళిపోలేదు. మౌలాబీ లేచి తన కుర్చీ ఆయనకిచ్చింది.

పేరున్న పాఠానికి ప్రశ్నలు జవాబికి పోవు, పేరుగల మనిషికే వస్తాయి. అదీ ఆ పాతకాలం నియమమే కాబోలు. సత్యవేణి తెర నిండా ప్రశ్నలు వచ్చిపడ్డాయి. 'మా పాలకొల్లులో కూడా కట్టేయడమే అంటామండి, ముందే అనుకున్నాను.' 'మీరు నిజం మనిషేనా?' 'లివరు కిందికంటే ఏ పక్కకి? మా గూట్లో అడ్డంగా ఉంది.' వాటికి బదులు చెప్పగలిగింది, చెప్పింది. కొన్నింటికి చెప్పలేకపోయింది. 'అమ్మా, నేను మోటారుతో పాటు కాన్పు పనుల కోర్సులో కూడా ఉన్నాను. మా పాఠాల్లో కూడా ఎవరైనా ఇలాగే సరే కొట్టారా?' సత్యవేణి దాన్ని రెండు సార్లు చదివి మౌలాబీకి చూపించింది. ఆ కోర్సు కిందటేడు మౌలాబీయే కడిగింది.

"ఎలీషా సారూ," అంది మౌలాబీ, "నేను పోయి నా పాత ముక్కలు తీసి చూస్తా. ఆరువందలూ ఈ పొద్దు నా వల్ల కాదు. రాసుకోండి."

"దేని మీద రాసుకోమంటావు?" అన్నాడాయన నీరసంగా.

మూడయింది. పాఠానికి బాధ్యురాలు కాబట్టి పరీక్షగూళ్ళ పట్టీ కూడా ఆమె తెర మీదికే వచ్చింది. రెండు వేల నూట నలభై గూళ్ళు, ప్రతి గూటి పక్కనా ఒక మాట: మెయిను నడుస్తోంది. మూడూ పన్నెండుకు పాఠం ఆమె గొంతు దగ్గరికి చేరింది. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. పట్టీలో మాటలు మారడం మొదలైంది. ఆగింది. ఆగింది. ఆగింది. పదులూ వందలూ ఆగుతున్నాయి. సత్యవేణి కిందికి చూస్తూ పోయింది. చిట్టచివరికి ఒక్కటి మిగిలింది. రాజాం గూడు. మెయిను నడుస్తోంది. మూత తీసి ఉంది.

ఆమె చిత్తుగొంతు మళ్ళీ తెరిచింది. "రాజాం గూట్లో ఉన్నవాళ్ళెవరండీ, మీ మెయిను ఇంకా నడుస్తోంది. చెయ్యి పెట్టొద్దు. వెనక్కి జరగండి. బాబూ, అమ్మా, ఎవరైతేనేం, దండం పెడతాను, వెనక్కి జరగండి."

వదులు నొక్కింది. ఎలీషా గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పదకొండు సెకన్లు ఏమీ మారలేదు. తర్వాత ఆగింది అని వచ్చింది. ఆ వెంటనే ఒక పెద్దావిడ గొంతు, వణుకుతూ. "ఆపీసేన్నమ్మా. బిగిద్దావని లివరు నొక్కి అట్టుకున్నాను. సెయ్యి పెట్టబోతంటే నీ కేక ఇనపడింది."

సత్యవేణి బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. ఎలీషా గారు ఆమె భుజం తట్టబోయి, తట్టాలో వద్దో తెలియక కుర్చీ వీపు తట్టాడు.

ఆమె తల ఎత్తేసరికి తెర మీద బోధన్ గూడు వెలుగుతోంది.

"అక్కా, నేను గంగమణిని. నీ మాట ఇన్న. నా పేరు చెప్పినవ్ గదా, మస్తు సంబురమైంది. బంద్ చేసి వట్టుకున్న అక్కా. మూడో వైరు వెచ్చగ ఉన్నది. జాయింటు లూజున్నట్టే గదా? పాఠం ఆడికే ఒడిశింది. ఇప్పుడేం చేయాలె?"

సత్యవేణి మూలధ్వని వెతికింది. వీర్రాజు ఆ సంగతి చెప్పినట్టే ఉన్నాడు. చెప్పిన నలభై సెకన్లూ ధ్యాసరేఖ వంగిందని ఎవరో ఎప్పుడో కోసేసి, మూలంలోంచి కూడా చెరిపేశారు. జవాబి పక్కనే మెరుస్తూ సిద్ధంగా ఉంది. దానికి తెలియనిదంటూ ఉండదు, ఏదో ఒకటి చెబుతుంది. సత్యవేణి దాన్ని పక్కకు తోసేసి మైకు దగ్గరికి జరిగింది.

"నాకు తెలీదమ్మా," అంది. "నేను జన్మలో మోటారు ముట్టుకోలేదు. మీలో ఎవరికన్నా తెలిస్తే చెప్పండి. నాకు పంపితే అందరికీ వినపడేలా వదులుతాను."

వదిలింది. రెండు వేల నూట నలభై గూళ్ళలో పరీక్ష నిలిచిపోయింది. అడిగింది చేయకుండా నిలబడ్డవాళ్ళకు ఏ మార్కులు వేయాలో కెమెరాలకు తెలియలేదు. పై నుంచి ఫోను మోగుతోంది, ఎలీషా గారు ఎత్తలేదు. తెర మీద చాలాసేపు ఏమీ రాలేదు. కోయాల్సినంత నిశ్శబ్దం.

అప్పుడు పాలకొల్లు గూడు వెలిగింది. మగగొంతు, బెరుగ్గా ఉంది, ఎన్నడూ నలుగురిలో మాట్లాడిన మనిషి కాదని తెలుస్తోంది.

"ఆ అమ్మాయిని ఉండమనండి. నాకు తెలుసండి. నేను చెబుతాను."